బొట్టు పెట్టిన గన్ సేఫ్

ఒట్టు వెయ్యమంటే వేస్తా. దేవుడి మీద వేస్తా, మా అమ్మ మీద వేస్తా... నా కూతురి మీద మాత్రం వెయ్యను. ఎందుకు వెయ్యనో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది. మధ్యలో ఎవరైనా కిసుక్కుమన్నారో, అక్కడితో ఆపేసి ఇంటికెళ్ళిపోతా. ఆ రాత్రి నాకు జ్వరం లేదు. నిద్రమాత్ర వేసుకోలేదు. పూర్తి మెలకువలో ఉన్నాను. అది గుర్తుపెట్టుకుని వినండి.

ప్లేనోలో ఉన్నప్పటి మాట. రెండు వేల పన్నెండు, దసరా వెళ్ళిన వారం. మా అన్షుకి అప్పుడు ఆరేళ్ళు, ఫస్ట్ గ్రేడ్. మా ఆయన మురళి సోమవారం పొద్దున్నే చికాగో ఫ్లైట్ ఎక్కితే మళ్ళీ గురువారం రాత్రికే ఇల్లు చేరేవారు. మిగతా రోజులు నేనూ పిల్లా, అంత పెద్ద ఇల్లూ.

నిజానికి ఇది గన్‌తో మొదలవలేదు. శిరీషతో మొదలైంది.

శిరీష నా తోటికోడలు. మా మరిది కిషోర్ భార్య. మాకు రెండు వీధుల అవతలే ఇల్లు. మంచి పిల్ల. ఎవర్నడిగినా ఆ మాటే అంటారు, నాకు ఒళ్ళు మండేది కూడా ఆ మాటకే. పులిహోర కలిపితే శిరీషే కలపాలి. పట్టుచీర కడితే శిరీషకే నప్పాలి. గ్రీన్ కార్డ్ కూడా అన్నని వదిలేసి తమ్ముడికే ముందొచ్చింది. అదేం రాతో! సరే, ఇవన్నీ ఎలాగో దిగమింగాను. దిగమింగలేనిది ఒకటుంది.

నా కూతురికి నాకంటే పిన్ని ఇష్టం.

నవ్వొద్దన్నానా? మీకు పిల్లలున్నారు, మీకు తెలుస్తుంది. శిరీషకి పిల్లల్లేరు. పాపం అనాలి, నేనూ పైకి అనేదాన్నే. కానీ అన్షు స్కూల్ నుంచి రాగానే "పిన్నింటికి డ్రాప్ చెయ్యి అమ్మా" అనేది. అదే పప్పు నేను పెడితే పక్కకి తోసేది, పిన్ని పెడితే గిన్నె నాకేది. పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకున్నాను కొన్నాళ్ళు. నిద్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం తట్టుకోలేకపోయాను. నేను జోకొడితే పది నిమిషాలకి కళ్ళు తెరిచి "పిన్నిలాగా చెయ్యి" అనేది. పిన్నిలాగా అంటే ఎలా? రెండు దెబ్బలు మెల్లగా, కాసేపు ఆగడం, మళ్ళీ రెండు. లోపల లోపల ఏదో కూనిరాగం. నేర్చుకుని చేశాను కూడా. అయినా "నాట్ లైక్ దట్" అని అటు తిరిగి పడుకునేది. ఆ రాత్రుళ్ళు వంటగదిలో అంట్లు తోముతూ ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

ఇంతలో మన ఏరియాలో దొంగతనాలు మొదలయ్యాయి. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయింది. వెనక సందులోంచి వచ్చి గరాజ్ తలుపు లేపేస్తున్నారని రోజుకొకరు చెప్పేవారు. బ్యాంక్ లాకర్ దొరక్క అందరం హారాలు బియ్యం డబ్బాల్లో దాచుకున్న రోజులవి. అప్పుడు మా మరిది ఒక గన్ కొన్నాడు. కొనడమే కాదు, శిరీషకి షూటింగ్ నేర్పించాడు. ఆవిడ గారు మొదటి రోజే కాగితం బొమ్మ గుండెల మీద చిల్లులు పొడిచింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంది. ఏ పార్టీకి వెళ్ళినా అదే గొడవ. శిరీషకి ఎంత ధైర్యమో, శిరీష ఉంటే కిషోర్‌కి ఇంటి బెంగే ఉండదనీ! మా ఆయన కూడా అన్నారు, కార్‌లో, ఇంటికొస్తూ. ట్రావెల్‌లో ఉన్నప్పుడు నీ గురించి భయమేస్తుంది, శిరీషలాగా నువ్వూ నేర్చుకోకూడదా అన్నారు. శిరీషలాగా! కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను. ఇంటికెళ్ళేలోగా మనకీ గన్ కావాలని తేల్చేశాను. గ్రీన్ కార్డ్ లేనివాళ్ళకి ఇక్కడ గన్ అమ్మరు కదా, మాది కూడా అప్పటికి వచ్చేసింది కాబట్టి అడ్డం లేకపోయింది.

షూటింగ్ నేర్పే రేంజ్‌కి నేనూ వెళ్ళాను. నేర్పించినావిడ తెల్లజుట్టు పెద్దావిడ, అందర్నీ హనీ అనే పిలిచేది. నేను కాల్చిన మొదటి తూటా ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు. దాని ఖాళీ గొట్టం మాత్రం కాలుతూ వచ్చి నా కుర్తా మెడలో పడింది. గెంతులేశాను. శిరీష పక్కనే ఉంది, నవ్వాపుకుంటూ నా భుజం నిమిరింది. ఆ నిమరడం ఇంకా మంట.

ఆ పెద్దావిడ ఒక మాట చెప్పింది. గన్ మీ చేతికి చప్పున రావాలి, మీ పిల్లల చేతికి ఎప్పటికీ రాకూడదు, రెండూ కుదిరేలా పెట్టుకోండి అంది. సేఫ్‌ని రోజూ సాయంత్రం ఒకసారి తెరిచి చూసుకోమంది. అన్నిటికంటే ముందు, రాత్రి చప్పుడైతే సేఫ్ మీద చెయ్యి వెయ్యకముందే మీవాళ్ళు ఎవరెక్కడున్నారో చూసుకోండి, పేరు పెట్టి పిలవండి అంది. నేను తలూపాను. మనసులో మాత్రం శిరీష కాగితంలో చిల్లులు లెక్కపెడుతున్నాను.

మా ఆయన మంచి సేఫే తెచ్చారు. చిన్న ఇనప పెట్టె. మంచం పక్క సొరుగులో బోల్టులు వేసి బిగించారు. పైన గుండ్రంగా ఒక చిన్న గాజు బిళ్ళ. దానిమీద వేలు పెడితే పచ్చ లైటు వెలిగి, టింగ్ మని మూత దానంతటదే పైకి లేస్తుంది. వేరే వేలు పెడితే ఎర్ర లైటు, మూడు బీప్‌లు. ఆయన వేలిముద్రలు, నా వేలిముద్రలు... అంతే ఎక్కించాం. వేలు పనిచెయ్యకపోతే వాడడానికి ఒక తాళంచెవి ఇచ్చారు. అది ఆయన తన కీచెయిన్‌కి తగిలించుకున్నారు. ఆ కీచెయిన్ ఎక్కడికెళ్తుంది? చికాగోకి. అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇక దసరా వచ్చింది. శిరీష ఆయుధ పూజ చేసింది. కారుకీ లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టడం మనకి అలవాటే కదా... ఈవిడ గన్‌ని ఖాళీ చేసి అమ్మవారి ముందు పీట మీద పెట్టి, చామంతులు చుట్టి, ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఇండియాలో మా అత్తగారి దగ్గర్నుంచి అందరూ లైకులే లైకులు. నిజమైన ఆయుధ పూజ ఇదేనమ్మా అని మా అత్తగారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. నాకు ఫోన్ చేసి శిరీషని మెచ్చుకున్నారు, అర్థమైందా?

నేనూరుకుంటానా! పండగ అయిపోతే అయిపోయింది, మంచిరోజే కదా అని మర్నాడు పసుపూ గంధమూ తడిపి నా సేఫ్‌కి దట్టంగా రాశాను. పైన కుంకుమ బొట్టు. బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తే మధ్యలో గుండ్రంగా ఆ గాజు బిళ్ళ కనిపించింది. బొట్టు కోసమే చేసినట్టుంది. అక్కడే పెట్టాను. ఫోటో తీశాను. శిరీషకంటే నాకు లైకులు తక్కువే వచ్చాయి. ఆ ఉడుకుమోతుతనంలో సేఫ్ తుడవడం కూడా మర్చిపోయాను. పసుపు ఎండి పెచ్చులు కట్టింది.

అదీ సంగతి. ఇప్పుడు ఆ రాత్రికి వస్తున్నా...

ఆ సాయంత్రమే అన్షు నాతో గొడవపడింది. పిన్నింట్లో పడుకుంటానంది. స్కూల్ నైట్, వీల్లేదన్నాను. ఏడుస్తూ పడుకుంది. నేను జోకొట్టబోతే చెయ్యి తోసేసింది. కిందకొచ్చేశాను. మా పడగ్గది కింద. అన్షు గది పైన. ఇక్కడి ఇళ్ళన్నీ అంతే కదా, కన్నవాళ్ళు కింద, పిల్లలు పైన. అందుకే అన్షు చంటిపిల్లప్పుడు వాడిన బేబీ మానిటర్ని అప్పటికీ పారెయ్యలేదు. నా తలగడ పక్కనే ఉంటుంది. పైగదిలో చప్పుడైతే అందులో చిన్న లైట్లు వెలుగుతాయి, చెవి దగ్గర పెడితే ఆ చప్పుడు వినిపిస్తుంది. అలారం పెట్టాను. తలుపులన్నీ చూశాను. పడుకున్నాను.

ఎప్పుడో మెలకువొచ్చింది. ఎందుకొచ్చిందో వెంటనే తెలీలేదు. ఏసీ ఆగిపోయి ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. మరీ నిశ్శబ్దం...

కిర్ర్...

పైన. మెట్లు ఎక్కగానే గేమ్ రూమ్‌లో కార్పెట్ కింద ఒక చెక్క వదులుగా ఉంటుంది. మనిషి కాలు పడితేనే మోగుతుంది. పిల్ల కాలికి మోగదు, ఎన్నోసార్లు చూశాను. పెద్దవాళ్ళ బరువు పడాలి.

మళ్ళీ... కిర్ర్.

దొంగ అనుకున్నాను. బంగారం అనుకున్నాను. గన్ అనుకున్నాను. ఈ మూడూ అనుకున్న తర్వాత గానీ నా కూతురు పైన ఉందని గుర్తు రాలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. శిరీష అయితే ముందు పిల్ల దగ్గరికి పరిగెత్తి ఉండేది. అది కూడా ఆ క్షణంలోనే అనుకున్నాను, చూడండి నా బుద్ధి.

అప్పటికే నా చెయ్యి సొరుగులో ఉంది. చీకట్లో వేలు పెట్టాను.

బీప్... బీప్... బీప్. ఎర్ర లైటు.

ఇంకో వేలు పెట్టాను. ఎర్ర లైటు. వేలికింద గరుగ్గా తగిలింది. పసుపు! చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. నైటీ అంచుతో రుద్దాను. గోటితో గీకాను. ఉమ్మి తడి చేసి తుడిచాను, అమ్మవారు క్షమించాలి. మళ్ళీ పెట్టాను. బీప్... బీప్... బీప్. అంత నిశ్శబ్దంలో ఆ బీప్‌లు ఊరంతా వినిపిస్తున్నట్టున్నాయి. పైన ఉన్నవాడికి వినిపించవా? అసలే పైన ఉన్నది...

అప్పుడు మానిటర్‌లో లైటు వెలిగింది.

ఒక్కటే. పచ్చగా. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. నేను మెల్లగా చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు గురగుర శబ్దం... అన్షు ఊపిరి... ఆ తర్వాత...

తప్... తప్.

ఆగింది.

తప్... తప్.

ఎవరో నా పిల్లని జోకొడుతున్నారు. దాంతోపాటు సన్నగా కూనిరాగం. మాటల్లేవు, ఉత్త రాగం. నాకు బాగా తెలిసిన రాగం.

నిజం చెప్పనా? నా భయం పోయింది. ఒక్కసారిగా పోయింది. దాని చోట్లో ఏం వచ్చిందో తెలుసా? కోపం. ఒళ్ళంతా మంట. శిరీష! అర్ధరాత్రి నా ఇంట్లోకి వచ్చి, నాకు చెప్పకుండా పైకెళ్ళి, నా పిల్లని జోకొడుతోంది. దాని దగ్గర గరాజ్ కోడ్ ఉంది, అలారం నంబర్ కూడా ఉంది. పిల్ల ఏడ్చుకుంటూ ఐప్యాడ్‌లో పిన్నికి మెసేజ్ పెట్టి ఉంటుంది, ఈవిడ గారు తగుదునమ్మా అని వచ్చేసి ఉంటుంది. అంతే అనుకున్నాను. సేఫ్ వదిలేశాను. మానిటర్ మంచం మీద పడేశాను. కడిగిపారేద్దామని బయల్దేరాను.

మెట్ల దగ్గర గోడకి అలారం డబ్బా ఉంది. దాటబోతూ చూశాను. ఆర్మ్‌డ్ అని ఎర్రగా ఉంది, అంటే అలారం నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏ తలుపూ తెరవలేదు. తెరిస్తే ఆడగొంతుతో ఇల్లంతా వినిపించేలా చెప్తుంది అది. కిటికీ తెరిచినా చెప్తుంది. ఏమీ చెప్పలేదు.

అయినా ఎక్కాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. కూనిరాగం ఇప్పుడు మానిటర్‌లోంచి కాదు, గదిలోంచే వస్తోంది. అన్షు తలుపు సగం తీసి ఉంది. లోపల నైట్ లైట్, నీలంగా. తలుపు అంచు పట్టుకుని చూశాను...

మంచం అంచున ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

వీపు నావైపు. జుట్టు వదులుగా ముడేసి ఉంది. ఒంటి మీద ఏదో లేత రంగు బట్ట, నైటీయో చీరో తెలీలేదు. కుడిచెయ్యి మాత్రం కదులుతోంది. తప్... తప్. ఆగడం. తప్... తప్. అన్షు ఆ చేతికింద హాయిగా నిద్రపోతోంది. నా దగ్గర ఎప్పుడూ అంత హాయిగా పడుకోలేదు.

ఇక్కడ మీరు నన్ను పిచ్చిదనుకున్నా సరే. ఆ మనిషి ఎవరు, లోపలికెలా వచ్చింది అని భయపడాల్సింది పోయి... నాకు ఏడుపొచ్చింది. కుళ్ళుతో వచ్చిన ఏడుపు. నువ్వు మనిషివో, దెయ్యానివో, నా పిల్ల నీ చేతికింద ఎలా పడుకుంది? నాకు రానిది నీకెలా వచ్చింది? ఆ తలుపు దగ్గర నిలబడి కన్నీళ్ళు కారుస్తూ అదే అనుకున్నాను.

"శిరీషా," అన్నాను.

చెయ్యి ఆగింది. గాల్లోనే ఆగిపోయింది. కూనిరాగం కూడా ఆగింది. తల తిప్పలేదు. తిప్పుతుందేమో అని నేను... తిప్పకూడదని మొక్కుకున్నాను. ఎందుకంటే మెడ దగ్గర చూస్తే శిరీష మెడలా లేదు. ఎవరి మెడో తెలిసినట్టే ఉంది, తెలీనట్టే ఉంది.

సరిగ్గా అప్పుడు... కింద...

టింగ్.

ఆ తర్వాత మూత లేచిన చప్పుడు. టక్.

సేఫ్ తెరుచుకుంది. కింద నా గదిలో, ఎవరూ లేని గదిలో, సేఫ్ తెరుచుకుంది.

వేలు పెట్టాలి కదా అది తెరుచుకోవాలంటే? ఆయన వేలు చికాగోలో ఉంది. నా వేళ్ళు ఇక్కడ తలుపుని పట్టుకుని ఉన్నాయి. కింద ఎవరున్నారు? తూటాలు నింపిన గన్ మూత తెరిచిన సేఫ్‌లో ఉంది. పరిగెత్తి తెచ్చుకోనా? తెచ్చుకునేలోపు ఇది పిల్లని ఏం చేస్తుంది? తెచ్చుకోకపోతే కిందున్నది దాన్ని తీసుకుని పైకొస్తుందా? గన్ కావాలా, పిల్ల కావాలా? అంతే మిగిలింది నా బుర్రలో.

లోపలికి దూకాను. చూడలేదు. కళ్ళు మూసుకునే దూకాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మంచం మీద పడి దుప్పటితో సహా అన్షుని లాక్కున్నాను. ఆ మనిషి కూర్చున్న చోటే నా మోకాలు ఆనింది. నాకు ఏమీ తగల్లేదు. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు. పరుపు మాత్రం అక్కడ వెచ్చగా ఉంది.

పిల్లని భుజాన వేసుకుని కిందకొచ్చాను. ఒక్కో మెట్టూ దిగుతూ "ఎవరక్కడ" అని అరుస్తూనే ఉన్నాను. నా గదిలో లైటు వేశాను. ఎవరూ లేరు. సేఫ్ మూత పైకి లేచి ఉంది. గన్ లోపలే, పెట్టింది పెట్టినట్టే ఉంది. మూత మీద పడి నొక్కేశాను. పక్కనే ఫోన్ వెలుగుతోంది. చూస్తే శిరీష. ఎన్ని మిస్డ్ కాల్సో!

ఎత్తాను. నేను హలో అనేలోపే అవతల ఏడుపు.

"అక్కా, అన్షు బాగుందా? నాకు కలొచ్చింది. అన్షుని జోకొడుతున్నాను. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు... నీ చేతిలో గన్ ఉందక్కా. నావైపే పెట్టావు."

నా చేతిలో గన్ లేదు. మీకూ చెప్తున్నా, అప్పుడు ఆమెకీ చెప్పాను. లేదే, లేదు, నా చేతిలో ఏమీ లేదు. నాకు సేఫ్ తెరుచుకోనే లేదు. అప్పుడు తట్టింది... తెరుచుకుని ఉంటే? పసుపు లేకపోతే మొదటి వేలికే తెరుచుకునేది. గన్‌తోనే ఎక్కేదాన్ని. ఆ మంటలో, ఆ చీకట్లో, ఆ వీపు చూసి ఏం చేసేదాన్ని? కాల్చేదాన్నేమో. ఆ వీపుకి అవతల అన్షు ఉంది.

కాసేపట్లో శిరీషా, కిషోర్ కారేసుకుని వచ్చేశారు. కిషోర్ ఇల్లంతా వెతికాడు. గరాజ్, అటక, బట్టల అరలు కూడా చూశాడు. ఏమీ లేదు. శిరీష నైటీలోనే వచ్చింది, కాళ్ళకి చెప్పుల్లేవు. అన్షు నా భుజం మీదే నిద్రపోతోంది కదా... పిన్ని గొంతు వినగానే కళ్ళు మూసుకునే చేతులు చాచింది. ఇచ్చేశాను. ఏం చెయ్యను? అంత జరిగాక కూడా, ఇచ్చేటప్పుడు నా చేతులు ఎంత బరువెక్కాయో.

మర్నాడు రాత్రి మా ఆయన వచ్చి సేఫ్ అంతా విప్పి చూశారు. పసుపు పొడి లోపలికి పోయిందన్నారు. నువ్వు తుడిచిన తడికి ఎలక్ట్రానిక్స్ ఏదో షార్ట్ అయ్యి ఆలస్యంగా తెరుచుకుందన్నారు. పక్కింటివాళ్ళు హాలోవీన్ దెయ్యాల పండగకి ముంగిట్లో దెయ్యం బొమ్మలు వేలాడదీశారు, అవి చూసీ చూసీ నీకిలా అయ్యిందన్నారు. మరి శిరీష కల సంగతేంటండీ అంటే, మీరిద్దరూ ఎప్పుడూ ఒకరి గురించి ఒకరు ఆలోచిస్తూ ఉంటారు కాబట్టి అన్నారు. పరుపు వెచ్చగా ఉంది కదా అంటే పిల్ల దొర్లి ఉంటుందన్నారు. అన్నిటికీ జవాబుంది ఆయన దగ్గర. ఆ సేఫ్ పారేసి బటన్లు నొక్కేది తెచ్చారు. తాళంచెవి ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది. రోజూ సాయంత్రం తెరిచి చూస్తాను. చప్పుడైతే ముందు పిల్లని పేరు పెట్టి పిలుస్తాను, ఆ తర్వాతే మిగతావి. దేవుడి దయవల్ల మళ్ళీ ఎప్పుడూ అవసరం రాలేదు.

ఇంతవరకైతే నేనూ మర్చిపోయేదాన్ని. ఒక్క విషయం మా ఆయనకి కూడా చెప్పలేదు. శిరీషకి అసలే చెప్పలేదు.

ఆ రాత్రి తెల్లారగానే, మా ఆయన ఇంకా రాకముందు, శిరీష వంటగదిలో కాఫీ కలుపుతోంది. నేను అన్షుకి జడలు వేస్తున్నాను. పిల్ల మామూలుగానే ఉంది. భయం లేదు, ఏమీ లేదు. ఉండబట్టలేక మెల్లగా అడిగాను. రాత్రి నీ గదిలోకి ఎవరైనా వచ్చారా నాన్నా అన్నాను. ఊఁ అంది. ఎవరు, పిన్నేనా అన్నాను.

అన్షు అద్దంలోంచి నన్ను అదోలా చూసింది.

"నో అమ్మా. నువ్వే వచ్చావ్ కదా, జోకొట్టావ్ కదా. పిన్ని డోర్ దగ్గర ఉంది. పిన్ని ఏడుస్తుంది. షీ వాజ్ సో మ్యాడ్."

తలుపు దగ్గర ఉన్నది నేను. ఏడ్చింది నేను. కోపంతో ఉన్నది నేను. మీ అందరి ముందూ చెప్తున్నాను, ఆ మంచం మీద కూర్చున్నది నేను కాదు... కాదనే అనుకుంటున్నాను. పిల్ల మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట చెప్పింది. పెద్దదయ్యాక అడిగితే గుర్తులేదంటుంది. ఆ కూర్చున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. నా మొహం పెట్టుకుని వచ్చిందా, శిరీష మొహం నాకు పెట్టిందా, అదీ తెలీదు.

కానీ మీకొకటి చెప్పనా? నా కూతురు "నువ్వే" అన్నప్పుడు... ముందు నాకు సంతోషం వేసింది. భయం ఆ తర్వాత వచ్చింది.